వీరవేణి మూడు రోజులు పోయి వచ్చింది

కొత్తరేవు పట్నంలో ఉప్పుటేరు పక్కనున్న ఆందోళనా రుగ్మతల చికిత్సా పరిశోధన కేంద్రంలో, రోగి దేనికి భయపడుతున్నాడో దాన్ని ఒక తేదీ పెట్టి జరిపించేవారు. మందులూ మాటలూ పనిచేయని కేసులకు ఇదే మెరుగైన చికిత్స అని కేంద్రం అభిప్రాయం. ఆ అభిప్రాయం నిజమో కాదో తేల్చడానికే పరిశోధన. ఇందులో వింతేమీ లేదు. భయపడ్డ పని కాస్తా జరిగిపోతే ఇక భయపడ్డానికి ఏమీ మిగలదని ఎవరికైనా తెలుసు. జరిపించే బాధ్యత ఇన్నాళ్ళూ ఎవరూ నెత్తికెత్తుకోలేదు, అంతే.

రిటైరైన లెక్కల మాస్టారొకాయనకు సముద్రం వంటింట్లోకి వస్తుందని భయం. అనుమతులు రావడానికి వర్షాకాలం మొత్తం పట్టింది గానీ, వచ్చాక ఒక మంగళవారం పొద్దున సముద్రాన్ని ఆయన వంటింట్లోకి తీసుకొచ్చి, గట్టు మీది పోపుల డబ్బా తడవకుండా చూసి, మధ్యాహ్నం భోజనాల వేళకి తిరిగి పంపించేశారు. మాస్టారు ఆ సాయంత్రమే బీచికి షికారు వెళ్ళాడు. బ్యాంకులో పనిచేసే ఒకమ్మాయికి దారిన పోయేవాళ్ళంతా తననే చూస్తున్నారని భయం. మెయిన్‌రోడ్డంతా ఒక పూట ఆపి, కుక్కలతో సహా అందరిచేతా ఆమెనే చూపించారు. కాసేపటికి చూసేవాళ్ళకే విసుగు పుట్టింది. ఫ్యాను మీద పడుతుందని నిద్రపోని కుర్రాడి మీద ఫ్యాను పడేశారు. అతని తలకి కుట్లు పడ్డాయి, భయం పోయింది. కుట్ల సంగతి వేరే విభాగం చూసుకుంది.

మేడిశెట్టి నూకరాజు ఈ కేంద్రానికి వచ్చేనాటికి అతనికి యాభై ఏడేళ్ళు. నీటి సరఫరా ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. మనిషి నెమ్మదస్తుడు, ఒకరి జోలికి పోడు. అతని భయం ఒక్కటే: భార్య వీరవేణి తనకంటే ముందు పోతుందని.

ఇది రెండేళ్ళ కిందట పిఠాపురంలో ఒక పెళ్ళిలో మొదలైంది. వీరవేణి బంతిలో పులిహోర వడ్డిస్తూ వడ్డిస్తూ, గిన్నె పక్కన పెట్టి, అరుగు మీద కూలబడి, "కళ్ళు తిరిగాయి" అంది. ఎవరో మజ్జిగ ఇచ్చారు. తాగింది, లేచింది, మిగతా బంతికి వడ్డించింది. అప్పగింతలయ్యేసరికి ఆ మాటే మర్చిపోయింది. నూకరాజు మర్చిపోలేదు. మర్నాటి నుంచి ఆఫీసులో కూర్చుని గంటకోసారి ఇంటికి ఫోను చేయడం మొదలెట్టాడు. ఏ గంటకి చేసినా అవతలి నుంచి ఒకటే జవాబు.

"ఆఁ, బతికే ఉన్నాను. పెట్టేయండి, పోపు మాడిపోతంది."

ఆ మాటతో కాసేపు గుండె కుదుటపడేది. మళ్ళీ ఎవరి దగ్గో వినిపిస్తే మొదటికి వచ్చేది. వీరవేణి గుడికి వెళ్ళి ఆలస్యమైతే వీధి చివర నిలబడేవాడు. ఆవిడ మధ్యాహ్నం కునుకు తీస్తే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేవాడు. ఆ వేలికి ఆవిడకి మెలకువ వచ్చేది, ఇక కునుకు ఉండేది కాదు. డాక్టర్లు వీరవేణిని పరీక్షించి ఏ లోపమూ లేదన్నారు. లోపం కనపడలేదంటే అది లోపలెక్కడో దాక్కుందని నూకరాజు లెక్క. ఆఖరికి ఒకనాడు ఆఫీసులో పరధ్యానంగా ఒకే వీధికి మూడు నీళ్ళ ట్యాంకర్లు పంపేసి, నీళ్ళు లేని వీధిని గాలికొదిలేశాడు. పై అధికారి పిలిచి, కోప్పడకుండా, కేంద్రం చిరునామా రాసిచ్చాడు.

కేంద్రంలో డాక్టర్ ఫ్లోరెన్స్ అనే ఆవిడ అతన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుంది. నలభై దాటిన మనిషి, కళ్ళ కింద నల్లగా ఉంది, గొంతు మాత్రం మెత్తగా ఉంది.

"భయపడే విషయం స్పష్టంగా చెప్పండి. స్పష్టంగా లేకపోతే జరిపించడం కష్టం."

"మా ఆవిడండి," అన్నాడు నూకరాజు. "మా ఆవిడ నాకంటే ముందు..."

"పోతుందని."

"ఆయ్."

"పోయాక ఏమవుతుంది?"

నూకరాజు నోరు తెరిచాడు. అక్కడి నుంచి ముందుకు అతని ఊహ ఎప్పుడూ వెళ్ళలేదు. ఆ మాట దగ్గరికి వచ్చి, గుండె దడదడలాడి, ఫోను తీసి ఇంటికి చేయడమే ఇన్నాళ్ళూ జరిగింది.

డాక్టరమ్మ పరిశోధన పద్ధతి వివరించింది. రోగుల్ని చీటీలు వేసి రెండు గుంపులు చేస్తారు. మొదటి గుంపులో వాళ్ళకి భయపడ్డ సంఘటన జరిపిస్తారు. రెండో గుంపులో వాళ్ళకి ఆ సంఘటన ఎప్పుడో ఒకప్పుడు జరుగుతుందని చెప్పి, తేదీ చెప్పకుండా ఇంటికి పంపిస్తారు.

"ఆ రెండో గుంపోళ్ళ గతేంటండి?"

"ఏమీ అవదు. ఇప్పుడు మీరున్నట్టే ఉంటారు. ఊళ్ళో అందరూ ఉన్నట్టే. నిజానికి ఆ గుంపులోకి మనుషుల్ని చేర్చుకోవాల్సిన పని కూడా లేదు, పోలిక కోసం చేర్చుకుంటాం."

నూకరాజు చీటీ తీశాడు. మొదటి గుంపు వచ్చింది. అదృష్టమో దురదృష్టమో తెలియక ఆ చీటీని కాసేపు చేతిలోనే పట్టుకు కూర్చున్నాడు.

ఆ వారంలోనే జల్దు కేశవరావు అనే అధికారి ఇంటికి వచ్చాడు. ఆయన హోదా సంఘటనల అమలు అధికారి. చనిపోవాల్సిన మనిషి వీరవేణి కాబట్టి ఆవిడ అంగీకారం కూడా కావాలి. బుధవారం పొద్దున నుంచి శనివారం సాయంత్రం వరకు, నిజమైన మరణమే, ఉత్తుత్తిది కాదని ఆయన చెప్పాడు. ఉత్తుత్తి మరణం పెట్టి చూస్తే రోగులు నమ్మలేదట, ఫలితాలు చెడిపోయాయట.

వీరవేణి చెంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. "నొప్పి ఉంటదా బాబూ?"

"ఉండదమ్మా. నిద్రపోయినట్టే."

"అదెలా ఉంటదో నాకేం తెలుసు. పడుకోవడం తెలుత్తాది, అంతలోనే లేవడం తెలుత్తాది." కాస్త ఆలోచించి అడిగింది. "ఆ మూడు రోజుల్లో ఎవరన్నా పిలిత్తే పలకొచ్చా?"

"పలక్కూడదమ్మా. చనిపోయినవాళ్ళు పలకరు. పలికితే మరణం చెల్లదు, మళ్ళీ మొదటికొచ్చేస్తుంది."

"ఈయన పిలిచినా?"

"ఎవరు పిలిచినా."

"మా అమ్మాయి ఫోను చేసినా?"

"కలెక్టరు గారొచ్చి పిలిచినా లేవక్కర్లేదమ్మా. చట్టమే ఒప్పుకోదు."

వీరవేణి కిటికీలోంచి బయటికి ఓ క్షణం చూసింది. తర్వాత, "సంతకం ఎక్కడ పెట్టాలి?" అంది.

కాగితం చదవకుండానే పెట్టేసింది. తన కోసం ఇంత త్యాగానికి ఒప్పుకుందని నూకరాజుకి కళ్ళనీళ్ళు తిరిగాయి. మొహం అటు తిప్పుకున్నాడు.

బుధవారం పొద్దున డాక్టరమ్మా, కేశవరావూ వ్యానులో వచ్చారు. అప్పటికి వీరవేణి రెండు కూరలు చేసి, చారు పెట్టి, గ్రైండరులో దోసెల పిండి రుబ్బుతోంది. కేశవరావు వంటింటి గుమ్మంలో ఆగిపోయాడు.

"ఇదేంటమ్మా?"

"మూడు రోజులకీ సరిపడా చేసి పెడతన్నాను బాబూ. ఈయనకి పొయ్యి వెలిగించడం రాదు."

"పిండి రుబ్బిపెట్టి చనిపోవడం నిబంధనలకి విరుద్ధమమ్మా. ఎవరూ అలా పోరు."

"మా అత్తగారు అలాగే పోయారు," అంది వీరవేణి. కేశవరావు కూరలూ పిండీ పక్కింటి దమయంతి గారికి ఇప్పించి, ఖాళీ గిన్నెలు చూశాకే పని మొదలెట్టనిచ్చాడు.

వీరవేణి చిలకాకుపచ్చ నూలుచీర కట్టుకుని హాల్లో మంచం మీద పడుకుంది. "వెళ్ళొత్తానండి" అంది. నూకరాజు ఆవిడ చెయ్యి పట్టుకుని, "మూడు రోజులే కదా వేణీ" అన్నాడు. ఆవిడ కళ్ళు మూసుకుంది. ఒక పెద్ద ఊపిరి వదిలింది, రెండోది తీసుకోలేదు. డాక్టరమ్మ నాడి చూసి, గుండె చూసి, తల ఊపింది.

నూకరాజు చేతిలో చెయ్యి బరువెక్కింది. ఆ బరువు అతను రెండేళ్ళుగా ఊహించుకుంటూనే ఉన్నాడు గానీ, ఇంత మామూలుగా ఉంటుందని అనుకోలేదు. మంచం కోడు పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. వీధిలోవాళ్ళు వచ్చారు. దమయంతి గారు కొంగు నోట్లో కుక్కుకుని నిజంగానే ఏడ్చింది, ఎందుకంటే మరణం నిజమైనదే కదా. ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, "శనివారం ఎన్నింటికండి?" అని కేశవరావుని అడిగింది.

"పదికి భయం ఎంత?" అని డాక్టరమ్మ నూకరాజుని అడిగింది.

"పది," అన్నాడు వెక్కుతూ.

వీరవేణిని వ్యానులో కేంద్రానికి తీసుకెళ్ళారు. మధ్యాహ్నం రాజమండ్రి నుంచి కూతురు శిరీష ఫోను చేసింది. ఆమెకి ముందే తెలియజేశారు.

"అమ్మ పోయిందా నాన్నా?"

"పోయిందమ్మా."

ఆ పిల్ల కూడా కాసేపు ఏడ్చింది. తర్వాత ముక్కు చీది, "ధైర్యంగా ఉండు నాన్నా. శనివారం బతకగానే ఫోను చేయమను. బాబు పుట్టినరోజుకి అరిసెలు చేసి పంపుతానంది, ఎప్పుడు పంపుద్దో ఏంటో," అంది.

ఆ పూట నూకరాజు ఏమీ తినలేదు. భయం పదికి పదే ఉంది. దమయంతి గారు పంపిన కూరలు వీరవేణి చేసినవే. నిబంధనల ప్రకారం అవి ఇప్పుడు దమయంతి గారివి కాబట్టి కేశవరావు అభ్యంతరం చెప్పలేదు, కానీ ముద్ద నోటిదాకా వెళ్ళేసరికి ఆ రుచికి నూకరాజుకి మళ్ళీ ఏడుపొచ్చింది.

గురువారం తెల్లవారి లేచి చూస్తే ఇంట్లో చుక్క నీళ్ళు లేవు. కుళాయి తిప్పాడు. గాలి వచ్చింది. ఊరంతటికీ నీళ్ళు వదిలే వేళలు ఆఫీసులో తనే టైపు చేయించి అంటించే నూకరాజుకి, తన వీధి కుళాయిలో నీళ్ళెప్పుడు వస్తాయో తెలియదు. వచ్చి వెళ్ళిపోయాయని దమయంతి గారు చెప్పింది. ఆ రోజంతా పక్కింటి బిందెతో గడిపాడు. శుక్రవారం చీకటితోనే లేచి, రెండు ప్లాస్టిక్ బిందెలు పట్టుకుని వీధి మొగలో కుళాయి దగ్గరికి వెళ్ళాడు. అప్పటికే ఆడవాళ్ళు వరసలో ఉన్నారు. ఒక మగాడు బిందెతో రావడం చూసి కాస్త జరిగి చోటిచ్చారు.

"వీరవేణి ఎలా ఉంది అన్నయ్య గారూ?" అని ఒకావిడ అడిగింది.

"పోయి ఉందమ్మా. శనివారం దాకా."

"అదృష్టవంతురాలు," అంది ఇంకొకావిడ. ఆ మాటలో వెటకారం ఏమీ లేదు.

అందరూ చుట్టూ చేరారు. అక్కడ ఫ్యాను ఉంటదా అని అడిగారు. దోమలున్నాయా అని అడిగారు. పక్కన ఇంకెవరన్నా ఉంటారా, ఒక్కతేనా అన్నారు. నూకరాజు తనకి తెలిసినంత చెప్పాడు.

"మరి పిలిత్తే?" అంది ముందున్న ముసలావిడ.

"పిలవకూడదండి. పిలిచినా పలక్కూడదు."

కుళాయి కింద బిందె నిండి పొర్లిపోతున్నా ఎవరూ జరపలేదు. అప్పుడు ముసలావిడ, "మా ఆయనకి భయాలేమీ లేవే," అని తనలో తాను అనుకుంటున్నట్టు అంది. మిగతావాళ్ళు ఆవిడ వైపు జాలిగా చూశారు.

నూకరాజు ఆ పూట అన్నం వండాడు. అది కాస్త జావయింది. ఆవకాయతో కలుపుకుని తిన్నాడు. కేశవరావు వచ్చి పదికి ఎంత అని అడిగితే, తినే హడావుడిలో ఆలోచించలేదని చెప్పాడు. కేశవరావు ఆరు అని రాసుకున్నాడు.

అసలు సంగతి ఆ మధ్యాహ్నం ఆఫీసులో జరిగింది. దుఃఖంలో ఉన్నవాళ్ళు ఒక పూట వచ్చి సంతకం చేస్తే చాలన్నారు కాబట్టి వెళ్ళాడు. కుర్చీలో కూర్చున్నాడు, ఫైలు తీశాడు, గోడ గడియారం చూశాడు. చెయ్యి అలవాటు కొద్దీ ఫోను తీసి ఇంటికి చేసేసింది. మోగడం మొదలయ్యాక గానీ ఇంట్లో ఎవరూ లేరన్న సంగతి అతనికి గుర్తు రాలేదు. పెట్టేద్దామనుకున్నాడు. చెయ్యి రాలేదు.

ఫోను మోగుతూనే ఉంది. ఖాళీ హాల్లో, మంచం పక్కన, టీవీ మీద, అది మోగుతున్న చోటు అతనికి కళ్ళకు కట్టినట్టు కనిపించింది. రెండేళ్ళుగా అతన్ని వెంటాడింది ఈ మోతే. ఎవరూ ఎత్తని ఈ మోత. అతను దాన్ని ఆఖరిదాకా విన్నాడు. ఎవరూ "బతికే ఉన్నాను" అనలేదు. మోత దానంతటది ఆగిపోయింది. తర్వాత ఆఫీసులో ఫ్యాను చప్పుడు వినిపించింది, పక్క టేబులు ఆయన ముక్కు ఎగబీల్చడం వినిపించింది. నూకరాజు ఇంకేదన్నా జరుగుతుందేమోనని కాసేపు ఎదురుచూశాడు. ఏమీ జరగలేదు. ఆకలేసింది.

కిందికి దిగి, కాలువ పక్క బండి దగ్గర నిలబడి, వేడి వేడి పెసరట్టు తిన్నాడు. తింటూ తింటూ మళ్ళీ ఏడ్చాడు గానీ, అది భయంతో వచ్చిన ఏడుపు కాదు. భార్య గుర్తొచ్చి ఏడ్చాడు. ఈ రెండేళ్ళలో అతను వీరవేణి పోతుందేమోనని వణికిపోయాడే గానీ, ఒక్కసారి కూడా వీరవేణి గుర్తు రాలేదని అప్పుడు తెలిసింది. పిఠాపురంలో అరుగు మీద కూర్చున్నప్పుడు ఆవిడ మొహం ఎంత అలిసిపోయి ఉందో ఇప్పుడు గుర్తొచ్చింది. అప్పుడు చూశాడు గానీ, పట్టించుకోలేదు.

శనివారం సాయంత్రం కేంద్రానికి వెళ్ళేసరికి అతనిలో భయం ఒకటికి దిగింది. ఆ ఒకటి కూడా తలుపు తీసే ముందు మామూలుగా ఎవరికైనా ఉండేదే అని డాక్టరమ్మ చెప్పింది.

గదిలో తెల్ల దుప్పటి మీద వీరవేణి పడుకుని ఉంది. డాక్టరమ్మ చెయ్యాల్సింది చేసింది. వీరవేణి రొమ్ము కదిలింది. కనుబొమ్మలు ముడిపడ్డాయి. కళ్ళు తెరిచి, డాక్టరమ్మని చూసి, గోడ గడియారం చూసి, "అప్పుడేనా?" అంది.

నూకరాజు ఆవిడ రెండు చేతులూ పట్టుకున్నాడు. వెచ్చగా ఉన్నాయి. "వచ్చేశావా" అన్నాడు. ఆవిడ మొహం తేటగా ఉంది. పెళ్ళైన కొత్తలో, పుట్టింటికి వెళ్ళి వచ్చినప్పుడు ఉన్నట్టు ఉంది. కళ్ళ కింద నలుపు లేదు.

ఆటోలో ఇంటికి వస్తుంటే అడిగాడు. "ఎలా ఉందే అక్కడ?"

వీరవేణి వంతెన దాటేదాకా ఆలోచించింది. "ఎవరూ పిలవలేదండి," అంది.

"ఊఁ."

"ఒక్కసారి కూడా."

తర్వాత ఇల్లు వచ్చేదాకా బయటికి చూస్తూ కూర్చుంది, సన్నగా నవ్వుకుంటూ. ఇంటి ముందు ఆగేసరికి లోపల ఫోను మోగుతోంది. శిరీష చేసింది, అరిసెల కోసం.

చికిత్స బ్రహ్మాండంగా పనిచేసింది. నూకరాజు ఆఫీసు నుంచి ఇంటికి ఫోను చేయడం మానేశాడు. ఆవిడ తుమ్మితే "చిరంజీవ" అన్నాడే గానీ, నాడి పట్టుకోలేదు. రోజూ చీకటితోనే తనే కుళాయి దగ్గరికి వెళ్తున్నాడు. కడుపునిండా తిని, పక్కమీద వాలగానే గుర్రు పెడుతున్నాడు. ఇంత హాయిగా ఉండొచ్చని ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదేమని ఆశ్చర్యపోయాడు. మొదటి గుంపులో దాదాపు అందరిదీ ఇదే సంగతి. రెండో గుంపు ఎక్కడున్నవాళ్ళు అక్కడే ఉన్నారు.

ఒక్క దుష్ప్రభావం మాత్రం తేలింది. అది రోగుల్లో కాదు, వాళ్ళ కోసం చనిపోయినవాళ్ళలో. మొగుళ్ళు చనిపోయిన కేసుల్లో ఇబ్బందేమీ లేదు. వాళ్ళు లేవగానే కాఫీ అడిగి, లేనప్పుడు ఏమేం జరిగిందో కనుక్కుని, ఏమీ ఆగలేదని తెలిసి కాస్త చిన్నబుచ్చుకుని ఇళ్ళకి వెళ్ళిపోయారు. పెళ్ళాలు చనిపోయిన కేసుల్లోనే, ఒక్కరు కూడా మినహాయింపు లేకుండా, మళ్ళీ ఎప్పుడని అడిగారు.

వీరవేణి రెండు నెలలు ఆగింది. ఒకనాడు నూకరాజుకి అన్నం వడ్డిస్తూ, మామూలుగా అడిగింది. "ఏవండీ, మీకు మళ్ళీ భయమేదన్నా వేత్తందా?"

"లేదే, నిక్షేపంగా ఉన్నాను."

"కొంచెం కూడా?"

అతను తలెత్తి చూశాడు. ఆవిడ కళ్ళ కింద నలుపు మళ్ళీ వచ్చింది. అతనికి అర్థమైంది. కంచం ముందు చెయ్యి ఆపి, "చచ్చిపోవడమెందుకే? రెండ్రోజులు ఇంట్లోనే పడుకో. నీళ్ళు నేను పడతన్నాను, అన్నం కూడా ఇప్పుడు జావ కావట్లేదు. నేను చూసుకుంటాను కదా," అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు.

వీరవేణి ఆ మాటని కొట్టిపారేయలేదు. గరిటె పట్టుకుని నిలబడి, నిజంగానే ఆలోచించింది.

"బతికుండగానా?" అంది ఆఖరికి. "అదెలా కుదురుద్దండి? పలక్కుండా ఎలా ఉండేది?"

ఆ ఆదివారం సాయంత్రం ఆవిడ ప్రయత్నించి కూడా చూసింది. మంచమెక్కి పడుకుంది. నూకరాజు గుమ్మంలో కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నాడు. పాలవాడు పిలిచాడు. దమయంతి గారు కరివేపాకు కోసం పిలిచింది. శిరీష ఫోను చేసింది. గ్యాసు బండవాడు వచ్చాడు. ఎవరికి వాళ్ళకి నూకరాజు సమాధానం చెప్పాడు గానీ, చెప్పిన ప్రతిసారీ లోపలి నుంచి "ఎవరండీ?" అని వినపడుతూనే ఉంది. చివరికి పొయ్యి మీద పాలు పొంగాయా అని ఆవిడే లేచి వచ్చింది. పొయ్యి మీద పాలు లేవు.

కేశవరావుని సలహా అడిగారు. ఆయన మంచివాడు, రెండు రోజులు నిబంధనలన్నీ తిరగేసి, తనే ఇంటికి వచ్చి చెప్పాడు. "బతికున్న ఆడవాళ్ళకి ఇలాంటి ఏర్పాటు ఎక్కడా లేదమ్మా. నేను వెతికాను. చనిపోతేనే ఉంది. అది కూడా మీవారికి భయం ఉండాలి."

అలా నూకరాజు మళ్ళీ డాక్టర్ ఫ్లోరెన్స్ ముందు కూర్చున్నాడు.

"మళ్ళీ భయం మొదలైందండి," అన్నాడు.

డాక్టరమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. మనిషి నున్నగా, నాలుగు కిలోలు ఒళ్ళు చేసి ఉన్నాడు. "చేతులు వణకట్లేదే," అంది.

నూకరాజు చేతులు టేబులు మీద పెట్టి వణికించాడు.

"ఇంకొంచెం," అంది డాక్టరమ్మ.

ఇంకొంచెం వణికించాడు. ఆవిడ ఆరు అని వేసింది. కాగితం మీద ముద్ర కొడుతూ, తల ఎత్తకుండా, "మీవారు నయం. మా ఆయనకి ఎంత చెప్పినా భయం రావట్లేదండి," అంది. 'మీరు నయం' అనబోయి పొరబడిందని నూకరాజుకి తెలుసు. సరిదిద్దలేదు.

ఇప్పుడు కేంద్రానికి రెండో అంతస్తు వేశారు. పొద్దున్నే వెళ్తే హాలు నిండా జంటలు కనిపిస్తాయి. ఆడవాళ్ళు తల దువ్వుకుని, ఉతికిన చీరలు కట్టుకుని, సినిమాకి వచ్చినట్టు కబుర్లు చెప్పుకుంటూ ఉంటారు. మగవాళ్ళు ఓ పక్కన నిలబడి ఒకళ్ళకొకళ్ళు వణకడం నేర్పుకుంటూ ఉంటారు. పరిశోధన ఫలితాలు ఇంకా రావాల్సి ఉన్నాయి. భయం ఎంత తగ్గినా మళ్ళీ మళ్ళీ వస్తోందని మాత్రం ఇప్పటిదాకా తేలింది.

వీరవేణి మూడోసారి పోతున్నప్పుడు కేశవరావు ఎన్ని రోజులని అడిగాడు.

"మూడు," అంది ఆవిడ.

"అయిదు వేయండి," అన్నాడు నూకరాజు.

ఆవిడ అతని వైపు చూసింది. పమిట సర్దుకుని లోపలికి నడిచింది. పొడుగాటి హాల్లో వరసగా మంచాలు, మంచాల మీద ఆడవాళ్ళు, పైన ఫ్యాన్లు నెమ్మదిగా తిరుగుతున్నాయి. కిటికీ తెరల్లోంచి ఉప్పుటేటి గాలి వస్తోంది. ఎక్కడా చప్పుడు లేదు. వీరవేణి తన మంచం మీద వాలి, ఒక్క ఊపిరి వదిలి, పోయింది.

అప్పుడే నూకరాజుకి మునిసిపల్ పన్ను రసీదు ఎక్కడుందో అడగడం మర్చిపోయానని గుర్తొచ్చింది. అది చూపించి ఈ ఏటి పన్ను కట్టడానికి రేపే గడువు. నోరు తెరిచి "వేణీ" అనబోయాడు. తలుపు పక్కన గోడ మీద నీలం రంగులో రాసి ఉంది: 'మరణించిన వారిని పిలవరాదు.'

నూకరాజు నోరు మూసుకున్నాడు. తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి, మెట్లు దిగి, రసీదు వెతుక్కోవడానికి ఇంటికి వెళ్ళాడు.